రామేశ్వరం ఇప్పుడెట్లా ఉంది? మా నాయన 1981లో చూసిన ఊరు ఆయనకు మళ్ళీ చూపించాలి

బైరాగిపట్టెడ_అబ్బోడు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా నాయనకు 76 ఏళ్ళు. 1981లో, నేను పుట్టకముందు, మా అమ్మను, మా అవ్వను వెంటబెట్టుకుని రామేశ్వరం పోయొచ్చాడు. తిరుపతి నుంచి మద్రాసుకు బస్సు, ఎగ్మూరులో రాత్రి రైలు, మర్నాడు రామేశ్వరం. ఆ ప్రయాణం గురించి చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రైలు సముద్రం మీద చీమలా పాకిందట. అవ్వ కళ్ళు మూసుకుని గోవింద గోవింద అంటూనే ఉందట. పెట్టెలో సగం మంది లంకకు పోయేవాళ్ళేనట, రామేశ్వరంలో దిగి స్టీమర్ ఎక్కేవాళ్ళు. స్టేషన్ నుంచి జట్కాలో గుడి దగ్గరకు పోయి ఒక సత్రంలో దిగారు. సత్రం నడిమధ్యలో బావి. కిరసనాయిలు స్టవ్ మీద వండుకుంటూ మూడు రాత్రులు ఉన్నారు.

పోయిన ఏడు మా అమ్మ చనిపోయింది. అప్పటి నుంచి నాయన ఒకటే పాట, రామేశ్వరం తీసుకుపోరా అని. సరేనని ఫోన్లో వీడియోలు పెట్టి చూపించాను. వంతెన మీద కార్లు వరసకట్టి ఉన్నాయి, జనం దిగి సెల్ఫీలు తీసుకుంటున్నారు. దీవి చివర ధనుష్కోడి దాకా నున్నటి తారు రోడ్డు. నాయన రెండు నిమిషాలు చూసి ఫోన్ నా చేతికిచ్చేశాడు. "ఇది రామేశ్వరం కాదురా, ఎవరో నిన్ను మోసం చేసినారు" అన్నాడు.

నా ప్రశ్నలు మూడు. నలభై ఏళ్ళలో ఒక దీవి మీది ఊరు అంతగా ఎట్లా మారిపోయింది? ఆయన చూసినదాంట్లో ఏమైనా మిగిలిందా? కారులో పోవాలా, రైల్లోనా? ఆయనకు మోకాళ్ళ నొప్పి, గుళ్ళో 22 తీర్థాల (బావుల) స్నానం తట్టుకోగలడా అని కూడా టెన్షన్‌గా ఉంది.

పాత_మెటాడోర్:

అబ్బయ్యా, నాది చంద్రగిరి. 1989 నుంచి 2019 దాకా యాత్రల బండి తోలాను. మెటాడోరుతో మొదలుపెట్టి టెంపో ట్రావెలర్‌తో ముగించాను. రామేశ్వరం ఎన్నిసార్లు పోయానో గుర్తులేదు గానీ ట్రిప్ షీట్లు మాత్రం ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. మా ఆవిడ పాత పేపర్ల వాడికి వేసేస్తానంటే పోట్లాడి దాచుకున్నాను. నీ ప్రశ్న చూసి నిన్న పెట్టె దించి మధ్యాహ్నమంతా తిరగేశాను. అన్నం కూడా లేటుగా తిన్నాను.

మీ నాయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆయన పోయిన ఊరికి రోడ్డు లేదు. బస్సయినా కారయినా ఇవతలి ఒడ్డున మండపం అనే ఊరి దగ్గర ఆగిపోవాల్సిందే, అక్కడి నుంచి రైలే గతి. 1988 అక్టోబరు 2న రాజీవ్ గాంధీ వచ్చి రోడ్డు వంతెన ప్రారంభించారు. దానికి ఇందిరా గాంధీ పేరు పెట్టారు. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. కింద పడవలు పోవాలని ఎత్తుగా లేపి కట్టారు. నడిమధ్యకు వచ్చేసరికి పక్కనే పాత రైలు వంతెన కింద నీళ్ళకు ఆనుకుని పడుకున్నట్టు కనిపించేది.

నేను మొదటిసారి ఆ వంతెన ఎక్కింది 1990 మాఘమాసంలో. మెటాడోరులో చంద్రగిరి, పనబాకం వాళ్ళు 14 మంది, ముగ్గురు ముసలమ్మలు, ఒక చంటిబిడ్డ. ఇక్కడి నుంచి 600 కిలోమీటర్ల పైమాట. కంచి, చిదంబరం చూసుకుని మూడో రోజు సాయంత్రానికి చేరాం. వంతెన మీద నా క్లీనరు భయపడి తలుపు గట్టిగా పట్టుకున్నాడు. వాడికి చెప్పలేదు గానీ నాకూ చేతులు చెమటపట్టాయి. ఆ రోజుల్లో వంతెన మీద బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్ళో బండి ఎక్కడ ఆపాలని అడిగితే ఒకాయన నవ్వి, "ఎక్కడైనా ఆపుకో, ఎవరొస్తారు" అన్నాడు తమిళంలో.

ఇప్పుడు ట్రిప్ షీట్లలో నా రాతలు చెప్తాను. 1990: రామేశ్వరం, 2 రాత్రులు. 1992లో కూడా 2. 1996: 1 రాత్రి. 2008: 1 రాత్రి, అదీ అర్ధరాత్రి చేరి పొద్దున పదకొండుకు బయల్దేరాం. 2018లో ఏం రాశానో తెలుసా? "హాల్ట్ లేదు."

ఆ 2018 ట్రిప్పు కథ చెప్తే నీకు ఊరంతా అర్థమవుతుంది. రాత్రి రెండు గంటలకు చేరాం. ఒక లాడ్జిలో నాలుగు గదులు, పడుకోవడానికి కాదు, బ్యాగులు పెట్టుకోవడానికి. నాలుగున్నరకు స్ఫటిక లింగ దర్శనం లైనులో నిలబడ్డారు. అది కాగానే అగ్నితీర్థంలో, అంటే గుడి ముందరి సముద్రంలో, మునక, తర్వాత లోపల 22 బావుల నీళ్ళు. ఒక్కో బావి గట్టు మీద మనిషి నిలబడి బక్కెటతో చేది నెత్తిన పోస్తాడు, జనం పరుగో పరుగు. తడి బట్టలు విప్పి పొడివి కట్టుకుని మళ్ళీ దర్శనం. ఎనిమిదిన్నరకు టిఫిను. తొమ్మిదిన్నరకు ధనుష్కోడి. వచ్చేటప్పుడు కలాం గారి స్మారకం పావుగంట. మధ్యాహ్నం ఒంటిగంటకు వంతెన దాటేశాం, రాత్రికి కన్యాకుమారి. ఒకాయన బండెక్కి కూర్చున్నాక నన్నడిగాడు: "డ్రైవరన్నా, ఇందాక మనం చూసిన గుళ్ళో మూలవిరాట్టు ఏది, ఇసుక లింగమా, హనుమంతుడు తెచ్చిందా?" పదకొండు గంటలు ఆ ఊళ్ళో ఉన్నాడు ఆయన.

దారి దగ్గరయ్యేకొద్దీ జనం అక్కడ ఉండేది తగ్గింది. నాకర్థమైంది ఇంతే. మూడు రాత్రులుండేవాడికి ఏం కావాలి? బావి, వంటకు చోటు, నీడ. అందుకే సత్రాలు అట్లా ఉండేవి. పది గంటలుండేవాడికి పార్కింగు కావాలి, మరుగుదొడ్డి కావాలి, బట్టలు మార్చుకునే గది కావాలి, కూర్చోగానే ఇడ్లీ రావాలి, పోతూ పోతూ కొనడానికి గవ్వల దండ కావాలి. ఊరు ఆ పది గంటలవాడి కోసం తనను తాను మళ్ళీ కట్టుకుంది. ముందు వాకిలి, వెనక బావి ఉన్న ఇళ్ళు పోయి నాలుగంతస్తుల లాడ్జీలు లేచాయి. తప్పు పట్టడం లేదు. మన కొండకు 1944లో ఘాట్ రోడ్డు పడింది. మా జేజమ్మ అంతకుముందు నడిచెక్కి పైన మూడు నిద్రలు చేసి దిగేదట. ఇప్పుడు మన ఇంటికొచ్చే చుట్టాలు పొద్దున ఎక్కి సాయంత్రానికి లడ్డూ సంచితో బస్టాండులో ఉంటారు.

ధనుష్కోడి సంగతి వేరే చెప్పాలి. 1964 తుపాను తర్వాత దాన్ని మనుషులుండటానికి పనికిరాని చోటని ప్రభుత్వం ప్రకటించింది. అయినా జాలర్లు గుడిసెలేసుకుని ఉంటూనే వచ్చారు. నేను తోలిన రోజుల్లో రోడ్డు ముకుందరాయర్ చత్రం దాకానే. ఆ పైన ఇసుక. అక్కడి వాళ్ళ వ్యాన్లు ఉండేవి, పెద్ద టైర్లు వేసి, ఇసుకలో, నీళ్ళలో ఎగురుకుంటూ తీసుకుపోయేవాళ్ళు. 2003లో నేను పౌరుషానికి పోయి నా బండే దింపాను. అర కిలోమీటరు పోలేదు, వెనక చక్రం ఇరుసు దాకా కూరుకుపోయింది. మా వాళ్ళు 16 మంది తోసినా కదల్లేదు. చేపలు ఆరబెట్టుకుంటున్న నలుగురు జాలర్లొచ్చి, తాటి మట్టలు కింద వేసి, గాలి తగ్గించి, పది నిమిషాల్లో బయటికి లాగారు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఇంకోసారి తేవద్దు" అన్నారు, అంతే.

2017లో ధనుష్కోడి చివరి కొస అరిచల్‌మునై దాకా తారు రోడ్డు వచ్చింది. అదే ఏడు జులై 27న, అంటే కలాం గారు పోయి సరిగ్గా రెండేళ్ళకు, పేయ్‌కరుంబులో ఆయన స్మారకం తెరిచారు. నా లెక్కలో వంతెన తర్వాత ఊరిని తిప్పేసిన ఏడాది అదే. అప్పటిదాకా నా బండి ఎక్కినవాళ్ళంతా భక్తులు, గుండు చేయించుకునేవాళ్ళు, పితృకార్యం పెట్టుకునేవాళ్ళు. ఆ తర్వాత కాలేజీ పిల్లలు ఎక్కడం మొదలైంది. "అంకుల్, సన్‌రైజ్‌కు అందుకుంటామా?" గుడికి రామని బండిలోనే పడుకున్న వాళ్ళనూ చూశాను.

నన్నడిగితే, కారు వద్దు. రైల్లో పో. రెండు రాత్రులు ఉండు. తీర్థాల గురించి వేరేవాళ్ళు చెప్తే వినండి, నేను బండి దగ్గరే కాపలా ఉండేవాణ్ణి, ముప్ఫై ఏళ్ళలో 22 బావులూ చేసింది ఒక్కసారే.

గేజి_మార్పిడి:

మెటాడోరు అన్న అంతా రోడ్డు ఖాతాలో రాసేశాడు. రైల్వేవాణ్ణి కాబట్టి ఊరుకోలేను. పాకాలలో చేరి రేణిగుంటలో రిటైరయ్యాను.

పాంబన్ రైలు వంతెన 1914 ఫిబ్రవరిలో తెరిచారు. 145 ఇనుప గర్డర్లతో కట్టారు. మధ్యలో ఓడలకు దారి ఇవ్వడానికి రెండు రెక్కలు పైకి లేచేవి. వాటిని మోటారుతో కాదు, మనుషులు చేత్తో తిప్పి లేపేవాళ్ళు. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి తుపానులో పాంబన్ నుంచి ధనుష్కోడి పోతున్న ప్యాసింజరు రైలు అందరితో సహా కొట్టుకుపోయింది. వంతెన గర్డర్లు కూడా చాలా కొట్టుకుపోయాయి. దాన్ని 46 రోజుల్లో నిలబెట్టింది శ్రీధరన్ గారు, తర్వాత ఢిల్లీ మెట్రో కట్టిన ఆయనే. కానీ ధనుష్కోడి లైను మాత్రం మళ్ళీ వేయలేదు. అందుకే మీ నాయన కాలానికి లంక స్టీమర్ రామేశ్వరం నుంచే బయల్దేరేది. లంకలో గొడవలు ముదిరాక అది కూడా ఆగిపోయింది.

ఇక అసలు విషయం. 2007 దాకా ఆ లైను మీటర్ గేజి, పట్టాల మధ్య వెడల్పు తక్కువ, పెద్ద లైను రైళ్ళు దాని మీద నడవవు. అంటే కాశీ నుంచి గంగాజలం తెచ్చేవాళ్ళు నేరుగా రాలేరు, మద్రాసులోనో మదురైలోనో దిగి మారాల్సిందే. 2007లో బ్రాడ్ గేజి అయ్యాక వారణాసి, భువనేశ్వర్, గుజరాత్‌లో ఓఖా, ఇట్లా ఎక్కడెక్కడి నుంచో సరాసరి రైళ్ళొచ్చాయి. ఊళ్ళో హిందీ బోర్డులు, రోటీ కూర హోటళ్ళు ఎక్కువైంది ఆ తర్వాతే. మన తిరుపతి నుంచి వారానికి మూడు రోజులు పోయే రైలు కూడా అట్లా వచ్చిన సౌకర్యమే. రోడ్డు దక్షిణాది వాళ్ళను తెచ్చిందంటే ఒప్పుకుంటా. దేశాన్ని తెచ్చింది గేజి.

పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు. కొత్తది 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు, ప్రధాని ప్రారంభించారు. మధ్యలో 72.5 మీటర్ల భాగం లిఫ్టులాగా నిట్టనిలువుగా పైకి లేస్తుంది, కరెంటుతో. పెద్దాయనకు పగలు చూపించు. కొత్తది తెరిచేనాటికి పాతది కూడా పక్కనే ఉండేది.

మండపం_కోడలు:

నమస్తే. మాది చిత్తూరు. మా ఆయన ఉద్యోగం వల్ల 2019 నుంచి 2024 దాకా మండపంలో ఉన్నాం, అంటే వంతెనకు ఇవతలి ఒడ్డున. పెద్దవాళ్ళు ఇద్దరూ యాత్రికుడు ఎన్ని రాత్రులుంటాడని లెక్కపెడుతున్నారు. ఆ ఊళ్ళో రోజూ ఉండేవాళ్ళున్నారు కదా. 2011 లెక్కల్లోనే మున్సిపాలిటీ జనాభా 44,856.

మా ఇంటికి చేపలు తెచ్చిచ్చే అక్క తంగచ్చిమడంలో ఉండేది. అదీ దీవి మీదే, పాంబన్‌కూ రామేశ్వరానికీ మధ్యలో. ఒకసారి నేను మెటాడోరు అన్నలాగే, "వంతెన లేనప్పుడు ఊరు ఎంత ప్రశాంతంగా ఉండేదో కదా" అన్నాను. ఆమె చేప కోయడం ఆపి నావైపు చూసింది. వాళ్ళ అమ్మకు నొప్పులొచ్చింది రాత్రి తొమ్మిదికట, ఆ వేళ రైలు లేదు. తెల్లవారి రైలు దాకా స్టేషన్ బల్ల మీద పడుకోబెట్టారట. రామనాథపురం ఆసుపత్రికి చేరేలోపు బిడ్డ పోయింది. "మీ కోసమని కట్టినారనుకుంటారు అందరూ, మా కోసం కూడా కట్టినారు" అంది. నాకు మాట రాలేదు.

రెండో విషయం. తమిళనాడు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు చేపల వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. రామేశ్వరం జెట్టీలో ఆ రెండు నెలలు పడవలన్నీ పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. సరిగ్గా అవే మన వేసవి సెలవులు, యాత్రికులు కిక్కిరిసే కాలం. ఆ అక్క పెద్ద కొడుకు పడవ మీద పోతాడు, ఆ రెండు నెలలు మాత్రం తమ్ముడి ఆటో రాత్రిపూట వాడు నడుపుతాడు. చిన్నవాడు ఏడాది పొడుగూ ఆటోనే. పడవలో వచ్చినంత ఆటోలో రాదు. అయినా ఆ అక్క పెద్దవాణ్ణి కూడా ఆటోలోకి రమ్మని పోరు పెట్టేది. కారణం మీకు తెలిసిందే. నీళ్ళలో సరిహద్దు గీత కనిపించదు, దాటావంటే లంక నేవీ పట్టుకుంటుంది, పడవ కూడా పోతుంది. "ఆటోవాడు రోజూ ఇంటికొస్తాడు" అనేది.

అందుకని టూరిస్టులు ఊరిని పాడుచేశారని నేను అనలేను. బాధ లేదా అంటే ఉంది. అగ్నితీర్థం గట్టున జనం విడిచిపోయే తడి బట్టలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పాపం పోతుందని ఎవరు చెప్పారో గానీ, ఆ చీర రేపు వలలో తగులుకుంటుంది. అద్దెలు పెరిగి గుడి చుట్టుపక్కల వీధుల్లో మామూలు సంసారాలు తగ్గిపోయాయి. రైళ్ళు ఆగిన రెండేళ్ళు మా మండపం స్టేషన్ బయట ఆటోలు, వ్యాన్లు పుట్టలోంచి వచ్చినట్టు వచ్చాయి. గుడి దగ్గర పూలమ్మే వాళ్ళు మాత్రం "రైలు జనం నిదానంగా బేరమాడి కొంటారు, బండి జనం కిటికీలోంచి చూసి పోతారు" అని వాపోయేవాళ్ళు. ఈ ఒక్క మాటలో మెటాడోరు అన్న గెలిచాడు.

తమ్ముడూ, నాన్నగారి సంగతి: 22 తీర్థాలూ వద్దు. నేల ఎప్పుడూ తడిగా, జారుడుగా ఉంటుంది, వెనక నుంచి జనం తోస్తుంటారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అగ్నితీర్థంలో కాళ్ళు తడుపుకుని నెత్తిన నీళ్ళు చల్లుకుంటే చాలు. లోపల కావాలంటే మొదటి ఒకటి రెండు బావులు. ఆదివారం, అమావాస్య అస్సలు పోవద్దు, తమిళ నెలల్లో ఆడి అమావాస్య, తై అమావాస్య అయితే ఊరి దరిదాపులకు కూడా పోవద్దు. గుడి వీధుల్లోకి పెద్ద బండ్లు రానివ్వరు, ఆటో మాట్లాడుకోండి. ధనుష్కోడికి పొద్దున్నే పోండి. సాయంత్రం అయితే అక్కడ ఎవరినీ ఉండనివ్వరు.

పాత_మెటాడోర్:

అమ్మా, ఆ బల్ల మీద పడుకోబెట్టిన మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ముప్ఫై ఏళ్ళు స్టీరింగ్ వెనక నుంచి చూశాను, అక్కడి వాళ్ళ ఇంట్లోకి ఎప్పుడూ తొంగిచూడలేదు. నా పాసింజర్లను తిట్టే హక్కు నాకు లేదు, వాళ్ళను గంటల లెక్కన తిప్పింది నేనే కదా. ఒక ట్రిప్పు త్వరగా ముగిస్తే వారంలో ఇంకో ట్రిప్పు దొరికేది, ఓనరు కూడా అదే అనేవాడు.

చీరల సంగతి నిజం. మా బండి వాళ్ళు కూడా వదిలారు. నేను చూసి ఊరుకున్నాను.

గేజి అన్నా, నీ లెక్క ఒప్పుకున్నా. కానీ మీ రైల్లో వచ్చిన వాళ్ళు కూడా మధ్యాహ్నం రైలుకే తిరిగి పోతున్నారు, చూసుకో.

బైరాగిపట్టెడ_అబ్బోడు:

అందరికీ దండాలు. పోయొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నా, వచ్చాక నాయనకు రెండు రోజులు జలుబు.

రైల్లోనే పోయాం. చేరేసరికి చీకటి, వంతెన దాటింది ఎవరికీ తెలియలేదు. మెటాడోరన్నా, మీ ట్రిప్ షీటులో రాసుకోండి, 2 రాత్రులు. సోమ, మంగళవారాలు.

సత్రం కోసం మొదటి రోజు పొద్దునంతా తిరిగాం. తూర్పు గోపురం నుంచి ఎడమకు తిరిగి రెండో సందు అని నాయన గట్టిగా చెప్పాడు. ఆ చోట లిఫ్టున్న లాడ్జి ఉంది. కౌంటర్లో కుర్రాడికి తెలుగు బాగా వచ్చు, తిరుపతి నుంచి అనగానే లడ్డూ తెచ్చారా అన్నాడు. తెచ్చాం కాబట్టి ఇచ్చాం. నాయన "వెనక బావి ఉండాలి" అన్నాడు. కుర్రాడు మమ్మల్ని వంటగది పక్కగా తీసుకుపోయాడు. జనరేటరు పక్కన బావి ఉంది. పైన ఇనుప జల్లెడ, అందులోంచి మోటారు పైపు. నాయన నీళ్ళు తాగుతానన్నాడు. కుర్రాడు కొళాయి నీళ్ళు తెచ్చిస్తే ఒక గుక్క తాగి, "ఉప్పెక్కింది" అన్నాడు. అది ఆ బావి నీళ్ళో, ట్యాంకరు నీళ్ళో నేనడగలేదు.

గుళ్ళో మూడో ప్రాకారం, ఆ 1212 స్తంభాల నడవ, అక్కడ మాత్రం నాయన నన్ను వదిలేసి ముందు నడిచాడు. మోకాళ్ళు గుర్తు రాలేదు. ఒక మలుపులో ఆగి, "మీ అవ్వ ఇక్కడే తప్పిపోయింది" అన్నాడు. ఈ ముక్క నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఏ స్తంభం చూసినా ఒకేలా ఉందని అవ్వ తిరిగిందే తిరిగి గంట తర్వాత దొరికిందట. నాయన ఆవిణ్ణి అందరి ముందూ గట్టిగా అరిచాడట. ఆ చోట ఐదు నిమిషాలు కూర్చున్నాం. ఫోన్లలో వీడియో తీసుకుంటున్నవాళ్ళు మా చుట్టూ తిరిగి పోయారు.

తీర్థాలు రెండే చేశాడు. ధనుష్కోడికి ఆటోలో పోయాం. పాడుబడిన చర్చి గోడల దగ్గర దిగాడు, అరిచల్‌మునై దాకా రానన్నాడు. పక్కన ఒకావిడ చేపలు వేయించి అమ్ముతోంది. మేం తినం, అయినా నాయన ఆమెతో వచ్చీరాని తమిళంలో పావుగంట మాట్లాడి, తాటాకు డబ్బా ఒకటి కొన్నాడు. బేరమాడాడు, నిదానంగా.

తిరుగు రైలు వెలుతురు ఉండగానే వంతెన మీదికి వచ్చింది. నాయనకు కిటికీ సీటు ఇప్పించాను. పాంబన్ దాటగానే పెట్టెలో అందరూ లేచి మా కిటికీకి, తలుపుకు అడ్డం పడ్డారు, చేతుల్లో ఫోన్లు. ఒకబ్బాయి నాయన భుజం మీదుగా చెయ్యి చాపి వీడియో తీస్తున్నాడు. నేను లేచి జరగమని చెప్పేలోపు మళ్ళీ గట్టు, తాటిచెట్లు కనిపించాయి. జనం వెళ్ళి కూర్చున్నారు. నాయన ఒళ్ళో తాటాకు డబ్బా పట్టుకుని బయటికి చూస్తూ, "ఇంకా ఎంతసేపురా వంతెన?" అన్నాడు.